మగతనం మీద పెట్టే ఆరోగ్య కార్యక్రమాల గురించి కుర్రవాళ్ళ అసలు అభిప్రాయం తెలుసుకోవడం ఎలా

ఏదో ఒక సంస్థ ఊళ్ళో కుర్రవాళ్ళను నాలుగైదు వారాల పాటు కూర్చోబెట్టి, మగవాడంటే ఇలాగే ఉండాలన్న పాత లెక్కలను ప్రశ్నిస్తూ ఆరోగ్య పాఠాలు చెబుతుంది. తాగుడు, బండి వేగం, భార్య మీద చెయ్యి చేసుకోవడం, కండోమ్, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, మనసు బాగోలేనప్పుడు ఎవరితోనూ చెప్పుకోకపోవడం, ఇవన్నీ ఆ పాఠాల్లోకి వస్తాయి. చివర్లో, ఆ కార్యక్రమం గురించి కుర్రవాళ్ళు ఏమనుకుంటున్నారో కనుక్కుని రమ్మని ఒకరిని పంపుతారు. ఆ ఒకరు సాధారణంగా సంస్థలో కొత్తగా చేరిన క్షేత్ర కార్యకర్తో, సోషల్ వర్క్ చదువుతున్న విద్యార్థో అవుతారు. ఈ వ్యాసం వాళ్ళ కోసం.

మొదటిసారి ఈ పని మీద వెళ్ళినప్పుడు ఉమ్మడి మెదక్ జిల్లాలో ఒక మండల కేంద్రంలో, గ్రామ పంచాయతీ హాల్లో పద్నాలుగు మందితో రెండు గంటలు మాట్లాడాను. ఇంటిపని మగవాళ్ళు పంచుకోవాలా అంటే పంచుకోవాలన్నారు, భార్యను కొట్టడం తప్పా అంటే తప్పేనన్నారు, మగవాడు ఏడిస్తే తప్పేముంది అంటే ఏమీ లేదన్నారు. కాగితాలన్నీ నింపుకుని సంతోషంగా బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. ఆ పద్నాలుగు మందిలో ఒకడు బండి స్టాండు తీస్తూ, "సార్, లోపల చెప్పింది మీరు రాసుకునేటందుకు చెప్పినం. అసలు ముచ్చట మీరు అడగనేలే" అని నవ్వి వెళ్ళిపోయాడు. అతను అన్నది నిజం. వారం ముందు ఆ పాఠాలు చెప్పిన సంస్థ తరఫునే నేనూ వెళ్ళాను, సరైన జవాబు ఏదో వాళ్ళకు తెలుసు, నేను కూడా ఆ జవాబు వచ్చేలాగే అడిగాను. ఇక్కడ చెప్పబోయే పద్ధతులన్నీ ఆ టీ కొట్టు మాటను హాల్లోపలే వినగలగడానికి తర్వాతి ఏళ్ళలో నేర్చుకున్నవి.

కార్యక్రమాన్ని ముందు మీరు చదవండి

ఇలాంటి కార్యక్రమాల్లో చాలావాటికి మూలం లాటిన్ అమెరికాలో ఉంది. బ్రెజిల్‌కు చెందిన ప్రొముందో సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి "ప్రోగ్రామ్ హెచ్" అనే పాఠాల కట్టను తయారు చేసింది. పోర్చుగీసు, స్పానిష్ భాషల్లో మగవాళ్ళు అనే మాట హెచ్ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి దానికా పేరు. రియో డి జనీరో మురికివాడల్లో 14 నుంచి 25 ఏళ్ళ వయసు వాళ్ళతో దాని ఫలితాన్ని పరీక్షించారు. అదే నమూనాను ముంబయి బస్తీలకు తగినట్టు మార్చి "యారీ దోస్తీ" అన్నారు. తర్వాత ముంబయిలోనే "పరివర్తన్" కార్యక్రమం క్రికెట్ కోచ్‌ల నోట ఇవే విషయాలు చెప్పించింది. మీ ముందున్న కార్యక్రమం వీటిలో దేనికి బంధువో తెలుసుకుంటే, ఏ ఆట, ఏ కథ పరాయి ఊరి నుంచి నేరుగా వచ్చి ఇక్కడ పొసగలేదో ముందే ఊహించవచ్చు.

ఈ కార్యక్రమాలతో పాటే ఒక కొలబద్ద కూడా వచ్చింది. జెమ్ (జెండర్ ఈక్విటబుల్ మెన్) స్కేలు అని పిలిచే దానిలో మొదట 24 వాక్యాలు ఉండేవి. "ఇంట్లో ఆఖరి మాట మగవాడిదే కావాలి" వంటి ఒక్కో వాక్యానికి ఒప్పుకుంటాను, కొంతవరకు ఒప్పుకుంటాను, ఒప్పుకోను అని జవాబు చెప్పాలి. కార్యక్రమానికి ముందూ తర్వాతా ఈ జవాబులు పోల్చి మార్పు వచ్చిందో లేదో చూస్తారు. వందల మంది మధ్య పోలిక తీయడానికి ఇది పనికొస్తుంది, దాన్ని తీసిపారేయనక్కరలేదు. కానీ పాఠం విన్న వారానికే ఈ కాగితం ఇస్తే అది అభిప్రాయ సేకరణ కన్నా పరీక్షలా నడుస్తుంది, మన కుర్రవాళ్ళకు పరీక్ష రాయడం పదేళ్ళ అలవాటు. కాబట్టి స్కేలు కాగితం మీ సంస్థ అడిగితే నింపించండి, దాన్ని మాత్రం అభిప్రాయమని పిలవకండి.

మాట ఎంపిక

నా లెక్కలో సగం పని ఇక్కడే ఉంది, అందరూ దాటేసేదీ దీన్నే. తెలుగులో "మగతనం" అన్న మాట పుస్తకంలో ఒక అర్థంతో, వీధిలో ఇంకో అర్థంతో తిరుగుతుంది. సంస్థ కాగితంలో అది సమాజం మగవాడి మీద పెట్టిన నడవడిక. కుర్రవాడి చెవికి మాత్రం అది పడకగదికి సంబంధించిన మాట. "పురుషత్వం" అంటే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే ఆ మాటను వాళ్ళు చూసింది బస్టాండు గోడల మీద, నరాల బలహీనతకు మందు అమ్మేవాళ్ళ ప్రకటనల్లో. "పౌరుషం" అంటే అది తగ్గించుకోవాల్సిన గుణమని ఏ తెలుగువాడూ అనుకోడు. "లింగ సమానత్వం" అన్న మాట పలికిన క్షణంలో వెనక వరుసలో నవ్వు మొదలై అరగంట పాటు ఆగదు. "పురుషాధిక్యత" అంటే నవ్వరు కానీ, తమ మీద కేసు చదువుతున్నట్టు చేతులు కట్టుకుని కూర్చుంటారు.

అందుకే నామవాచకాలను వదిలేసి, వాళ్ళు ఇంట్లో రోజూ వినే వాక్యంతో మొదలు పెట్టండి. "మగాడన్నాక..." అని మీరు ఆపేయండి, మిగతాది వాళ్ళను పూర్తి చేయమనండి. తెలంగాణలో అయితే "మొగోడన్నంక" అనాలి, లేకపోతే వాక్యం టీవీలోంచి వచ్చినట్టు ఉంటుంది. సంపాదించాలి, మాట మీద నిలబడాలి, చెల్లెలి పెళ్ళి చేయాలి, ఎవడైనా తిడితే ఊరుకోకూడదు, నొప్పి అని అనకూడదు, ఇలా పది నిమిషాల్లో నల్లబల్ల నిండిపోతుంది. ఆ పట్టికలో మంచీ చెడూ కలిసే ఉంటాయి, వాటిని మీరు విడదీయకండి. వీటిలో ఏది చేయడానికి ఒంటికి ఖర్చు అవుతుందో గీత గీయమనండి. నేను చూసిన చోటల్లా మొదటి గీత సంపాదన కింద పడింది. కొట్లాటా తాగుడూ ఆ తర్వాతే వచ్చాయి. కార్యక్రమం మాత్రం కొట్లాట మీద మూడు పాఠాలు పెట్టుకుని, సంపాదన మీద ఒక్కటీ పెట్టుకోలేదని అక్కడే బయటపడింది.

ఇదే వాక్యాన్ని తిప్పి కూడా అడగవచ్చు. "గాజులు తొడుక్కున్నావా?" అని మిమ్మల్ని చివరిసారి ఎవరు, ఎప్పుడు, దేనికి అన్నారు? ఈ ప్రశ్నకు జవాబుల్లో స్నేహితుల కన్నా తండ్రులూ మేనమామలూ, ఒక్కోసారి తల్లులూ ఎక్కువగా కనబడతారు. ఆ సంగతి మీ నోట్సులో తప్పక ఉండాలి, ఎందుకంటే మారాల్సింది కుర్రవాడొక్కడే అన్న ఊహ మీద కార్యక్రమం నిలబడి ఉంటే, దానికి పునాది అక్కడే కదులుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏడు కారణాలు చెప్పి వాటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సమంజసమేనా అని అడిగితే, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆడవాళ్ళలోనే దాదాపు 84 శాతం మంది కనీసం ఒక కారణానికి అవునన్నారు. ఇరవై ఏళ్ళవాడి అభిప్రాయంగా మీరు రాసుకునేది చాలాసార్లు ఆ ఇంటి అభిప్రాయం.

ఎవరిని పిలవాలి, ఎక్కడ కూర్చోవాలి

సర్పంచి ద్వారా పిలిపిస్తే మర్యాదస్తులు వస్తారు, సంస్థ పాఠాలకు వరుసగా హాజరైనవాళ్ళే మళ్ళీ వస్తారు. పాఠాల మధ్యలో మానేసినవాళ్ళు అంతకన్నా విలువైనవాళ్ళు, హాజరు పట్టీ తీసుకుని రెండో వారం నుంచి కనబడని పేర్లు వెతకండి. వాళ్ళు వాలీబాల్ ఆడేచోట, జిమ్ములో, కల్వర్టు గోడ మీద, వినాయక మండపం దగ్గర చందాల లెక్క చూసుకుంటూ దొరుకుతారు. నవరాత్రుల రోజుల్లో సమావేశం పెడితే ఎవరూ రారు, కానీ మండపం వేసే ముందు పది రోజులు అందరూ ఒకేచోట ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్ వంటి జిల్లాల్లో ఆ వయసువాళ్ళలో చాలామంది గల్ఫ్‌లో ఉంటారు. అక్కడ ఎక్కువమందికి సెలవైన శుక్రవారం నాడు ఫోన్ చేస్తే, ఊళ్ళో ఉన్నవాళ్ళ కన్నా తీరికగా మాట్లాడతారు.

ఒక గుంపులో ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. పెళ్ళయినవాళ్ళనూ కానివాళ్ళనూ కలిపి కూర్చోబెట్టకండి. కానివాడు గొప్పలు చెబుతాడు, అయినవాడు అతని ముందు నోరు మెదపడు. కులం గురించి అడగకుండానే చూడండి. ఎవరు కుర్చీలో కూర్చున్నారో, ఎవరు గోడకు ఆనుకుని నిలబడ్డారో చూస్తే గుంపు కుదిరిందో లేదో తెలిసిపోతుంది. కుదరకపోతే, టీ పేరుతో ఆపి రెండు గుంపులుగా విడదీయడం మేలు. పెద్ద ఊరు వాళ్ళ ముందు వాడ కుర్రవాడు చెప్పేది వేరు, తన వాళ్ళ మధ్య చెప్పేది వేరు.

అడిగే మనిషి ఎవరన్నది ఇంకో చిక్కు. ఊరి ఆశా కార్యకర్త చేత అడిగిద్దామని చాలామందికి తోస్తుంది, ఊరంతా ఆమెకు తెలుసు కాబట్టి. తెలిసి ఉండటమే అక్కడ అడ్డం. ఆమె ఒకరికి వదిన, ఇంకొకరికి పిన్ని, మరొకరికి అత్త వరస. పిన్ని ముందు కండోమ్ మాట ఎత్తమంటే ఏ కుర్రవాడూ ఎత్తడు, ఎత్తాలని ఆమె కూడా కోరుకోదు. పక్క మండలం నుంచి వచ్చిన, ఐదారేళ్ళు పెద్దవాడైన, "అన్నా" అని పిలవడానికి వీలైన మగ కార్యకర్త బాగా నడిపిస్తాడు. అయితే బాగా నడిపించడమంటే వాళ్ళతో కలిసి నవ్వడమని అతను పొరబడే ప్రమాదం ఉంది. ఆడపిల్లల గురించి ఒక చులకన మాట వస్తే, అతను నవ్వితే ఆ సమావేశం ముగిసినట్టే, మందలించినా ముగిసినట్టే. "అట్లా ఎందుకనిపించింది?" అని మామూలు గొంతుతో అడిగి ఊరుకోగలవాడు కావాలి. పెళ్ళి, పిల్లలు, ఇంటి ఖర్చు వంటి విషయాల్లో బయటి ఊరి నుంచి వచ్చిన ఆడ కార్యకర్తతో కుర్రవాళ్ళు మగవాడితో కన్నా నెమ్మదిగా, ఆలోచించి మాట్లాడటం కూడా చూశాను, కాబట్టి దీన్ని రాతి మీద గీతగా తీసుకోకండి.

పద్దెనిమిది నిండనివాళ్ళను పిలవాలంటే రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధనలో తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లవాడి సమ్మతి కూడా అవసరం. రెండోది 2012 పోక్సో చట్టం. పిల్లల మీద లైంగిక నేరం జరిగినట్టు మీకు తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, రహస్యంగా ఉంచుతానని మీరిచ్చిన మాట ఆ చట్టం ముందు నిలవదు. అందుకే నిలబెట్టుకోలేని మాట ఇవ్వకుండా, ఏది బయటికి చెప్పాల్సి వస్తుందో మొదటే చెప్పండి. కొత్తవాళ్ళయితే పద్దెనిమిది దాటినవాళ్ళతోనే మొదలు పెట్టడం తెలివైన పని.

నీ సంగతి అడగకండి, రాజు సంగతి అడగండి

"మీరు వేసెక్టమీ (మగవాళ్ళ కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకుంటారా?" అని అడిగితే ఎనిమిది మందీ నేల చూపులు చూస్తారు. అదే విషయాన్ని కథగా చెప్పండి. రాజుకు ఇరవై తొమ్మిదేళ్ళు, ట్రాక్టర్ నడుపుతాడు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో భార్య బాగా నీరసపడింది, ఆపరేషన్ నేనే చేయించుకుంటానని రాజు ఇంట్లో అన్నాడు. ఇక్కడ ఆపి, రాజు తల్లి ఏమంటుంది, భార్య ఏమంటుంది, రాత్రి కల్లు కంపౌండులో స్నేహితులు ఏమంటారు, తిరిగి ట్రాక్టర్ ఎక్కాక రాజుకు ఏమనిపిస్తుంది అని వరుసగా అడగండి. ఎవరికీ తన సంగతి చెప్పుకున్నట్టు ఉండదు, అయినా చెప్పేదంతా తమ ఇంటి సంగతే.

ఒకసారి ఈ కథ దగ్గర నాకు తగిలిన జవాబు ఇప్పటికీ గుర్తుంది. తల్లి వద్దంటుందని అందరూ అన్నారు, ఒకడు మాత్రం, "భార్యే వద్దంటది అన్నా. రేపు ఆమెకు మళ్ళ నెల తప్పితే ఊరు ఊకుంటదా?" అన్నాడు. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. కార్యక్రమం తయారు చేసినవాళ్ళు మగవాడి అహంకారం ఒక్కదాన్నే అడ్డంగా చూశారు. ఈ కుర్రవాడు చెప్పిన అడ్డం ఆడమనిషి మీద పడే అనుమానం. దానికి విరుగుడు ఉపన్యాసంలో లేదు, ఆపరేషన్ తర్వాత మూడు నెలల పాటు కండోమ్ వాడి, ఆ తర్వాత వీర్య పరీక్ష చేయించుకుని శుక్రకణాలు లేవని తేల్చుకోవాలన్న వైద్య సలహాలో ఉంది. ఆ పరీక్ష సంగతి పాఠంలో ఒక్క ముక్కలో దాటేశారని అప్పుడు తెలిసింది.

ఈ అంశం తీసేటప్పుడు వివరాలు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే ప్రశ్నలు తిరిగి మీ మీదికే వస్తాయి. కోత, కుట్టు లేని పద్ధతిని చైనాలో లీ షున్‌చియాంగ్ అనే వైద్యుడు 1974లో రూపొందించాడు. వీర్యంలోకి శుక్రకణాలు రాకుండా నాళాలను మూసేయడమే తప్ప, వృషణాల్లో తయారయ్యే హార్మోను యథాతథంగా ఉంటుంది కాబట్టి కోరికా పటుత్వమూ తగ్గవు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని మామూలు పనికీ, వారం తర్వాత సైకిలు తొక్కడం వంటి పనులకూ వెళ్ళవచ్చు. ఇంత తేలికైనదే అయినా, పైన చెప్పిన సర్వే ప్రకారం దేశంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో 37.9 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే ఆడవాళ్ళ ఆపరేషన్ మీద ఆధారపడితే, వేసెక్టమీ వాటా 0.3 శాతం దగ్గర ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఆడవాళ్ళ ఆపరేషన్లు దాదాపు 70 శాతం. ఊళ్ళో అరవై దాటిన పెద్దలు ఎవరైనా పక్కన ఉంటే ఎమర్జెన్సీ మాట తప్పక వస్తుంది. 1976-77లో దేశంలో అరవై లక్షల మందికి పైగా మగవాళ్ళకు ఆపరేషన్లు చేశారు, వాటిలో బలవంతం ఎంత ఉందో ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కుర్రవాళ్ళు ఆ రోజులు చూడలేదు, భయం మాత్రం తాతల నుంచి భద్రంగా అందుకున్నారు. దాన్ని మూఢనమ్మకమని రాయకండి.

కథలు రెండు మూడుకు మించి పెట్టుకోకండి. మందు పార్టీలో వద్దన్నవాడి కథ ఒకటి, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పనివాడి కథ ఒకటి బాగా పనిచేస్తాయి.

చీటీల డబ్బా

సమావేశం మధ్యలో అందరికీ ఒకే రంగు పెన్ను, ఒకే కొలత కాగితం ముక్క ఇచ్చి, ఈ కార్యక్రమంలో మీరు అడగాలనుకుని అడగనిది రాయమనండి. అడగడానికి ఏమీ లేనివాడు కూడా ఏదో ఒక సినిమా పేరు రాసి వేయాలి, లేకపోతే ఎవరు రాశారో ఎవరు రాయలేదో పక్కవాడికి తెలిసిపోతుంది. రాయడం రానివాళ్ళున్న గుంపులో ఈ పద్ధతి పెట్టకండి, వాళ్ళతో బయట విడిగా మాట్లాడండి.

చీటీలు విప్పితే వచ్చేవి దాదాపు అన్ని చోట్లా ఒక్కటే. హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడతాయా, నిద్రలో వీర్యం పోతే రక్తం తగ్గుతుందా, పెళ్ళికి ముందు ఏ పరీక్ష చేయించుకోవాలి, కొలత ఎంత ఉండాలి. మొదటి రెండింటికీ కాదని చెప్పడానికి ఏ వైద్యుడికైనా అర నిమిషం చాలు. కానీ ఆ అర నిమిషం దొరక్క, ఊరి బయట డేరా వేసి మందులు అమ్మేవాడికి వేలు పోసిన కుర్రవాళ్ళు ప్రతి గుంపులోనూ ఒకరిద్దరు ఉంటారు. మగతనాన్ని ప్రశ్నించే కార్యక్రమం ఈ భయాలకు జవాబు చెప్పకుండా పై మెట్టు ఎక్కితే, కుర్రవాళ్ళు దాన్ని తమకోసం వచ్చినదిగా చూడరు, తమ మీదికి వచ్చినదిగా చూస్తారు. నా దృష్టిలో ఇలాంటి కార్యక్రమాల మీద వినబడే చికాకులో సగానికి మూలం ఇదే. అందుకే చీటీలకు జవాబు చెప్పడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుణ్ణి అదే రోజు పిలిపించుకోండి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ళవాళ్ళకు సలహా ఇచ్చే క్లినిక్కులు ఉన్నాయని, మగపిల్లలకు కూడా ఐరన్ మాత్రలు ఇస్తారని చెబితే వాళ్ళు ఆశ్చర్యపోవడం మీరే చూస్తారు. రక్తహీనత ఆడవాళ్ళ జబ్బని గట్టి నమ్మకం. పైన చెప్పిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15-19 ఏళ్ళ మగపిల్లల్లో 31 శాతం మందికి రక్తహీనత తేలింది.

ఇక్కడ ఒక పాత సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో ఒకప్పుడు ఎక్కడ చూసినా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న పెద్ద పెద్ద బోర్డులు ఉండేవి. అప్పటి కుర్రవాళ్ళు ఇప్పుడు నలభై దాటినా ఆ పేరు ఎత్తితే నవ్వుతారు. మగవాణ్ణి తిట్టకుండా, అతని డాబును కాస్త గిల్లి మాట్లాడేలా చేసిన ప్రచారం అది. పేరు గుర్తున్నంతగా సమాచారం గుర్తుందా అంటే, నేను అడిగినవాళ్ళలో చాలామంది తల అడ్డంగా ఊపారు. మీ కార్యక్రమం విషయంలో కూడా ఈ రెండు ప్రశ్నలనూ వేరుగా అడగండి.

అభ్యంతరాలను విడదీయడం

"బాగానే ఉంది సార్, కానీ..." అన్న చోట కలం పట్టుకోండి. ఆ "కానీ" వెనక చాలా రకాలు ఉంటాయి, అన్నిటినీ కలిపి వ్యతిరేకత అని రాస్తే నివేదిక పనికి రాదు. "అన్నీ మాకే చెబుతారేంది, ఆడోళ్ళు తప్పు చెయ్యరా?" అన్నవాడికి ఆ కార్యక్రమం తనను ముద్దాయిగా నిలబెట్టినట్టు అనిపించింది. అతణ్ణి ఏ పాఠంలో, ఏ వాక్యం దగ్గర అలా అనిపించిందో అడిగితే సాధారణంగా వేలు పెట్టి చూపిస్తాడు, ఆ వాక్యం మార్చదగ్గదే అయి ఉంటుంది. "మా ఇంట్ల గిట్ల నడ్వది" అన్నవాడి అభ్యంతరం వేరు. అతను మాటతో ఏకీభవిస్తాడు, చేస్తే పడే ఖర్చు లెక్క వేస్తున్నాడు. గిన్నెలు తోమితే అమ్మ కోడలిని తిడుతుందని అతనికి తెలుసు. అతనికి కావాల్సింది తల్లులతో పెట్టే ఇంకో సమావేశం.

మూడో రకం తెలివైనది, దాన్ని పట్టుకోవడం కష్టం. కార్యక్రమం తనకు బాగా నచ్చిందని, మగవాడు బాధ్యతగా ఉండాలని, ఆడవాళ్ళను కాపాడాలని హుషారుగా చెబుతాడు. మీ సంస్థ నివేదిక అట్ట మీద ఫోటో వేసేది ఇతనిదే. కానీ కాపాడటం అంటే ఏమిటని అడిగితే, చెల్లెలి ఫోన్ తనే చూస్తానంటాడు. పాత మగతనానికే కొత్త చొక్కా తొడిగాడన్నమాట. ఇలాంటి జవాబు వచ్చినప్పుడు ఉదాహరణ అడగడం మానకండి, ఒక్క ఉదాహరణ పది ఒప్పుకోళ్ళ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇవి కాక, కార్యక్రమం గురించి ఏమీ అనకుండా "ముందు జాబ్ రానివ్వండి సార్" అనేవాడు ఉంటాడు. అతను విషయం తప్పించుకుంటున్నాడని అనుకోకండి. నల్లబల్ల మీద సంపాదన కింద గీత గీసింది అతనే.

నోరు జారిన మాట

గుంపు కుదురుకున్నాక ఎవరో ఒకరు అనుకోనిది చెబుతారు. భార్యను కొట్టిన సంగతి నవ్వుతూ చెబితే మెచ్చకండి, అందరి ముందు కడిగేయకండి. సమావేశం అయ్యాక విడిగా మాట్లాడి, ఆమెకు సాయం దొరికే 181 నంబరు, జిల్లాలోని సఖి కేంద్రం వివరం మీ దగ్గర సిద్ధంగా పెట్టుకోండి, ఆమెకు అపాయం ఉందనిపిస్తే మీ పై అధికారికి ఆ రోజే చెప్పండి. ఇంకో రకం మాట మెల్లగా వస్తుంది. "ఉండి ఏం లాభం" అని ఒకడు అంటాడు, పక్కవాడు "వీడికి లవ్ ఫెయిల్యూర్" అని నవ్విస్తాడు, మాట కొట్టుకుపోతుంది. దాన్ని కొట్టుకుపోనివ్వకండి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవాళ్ళు. అతణ్ణి చివర్లో ఆపి, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అక్కడి నుంచే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కు ఫోన్ కలిపి మాట్లాడించండి. ఆ నంబరుకు రాత్రీ పగలూ తెలుగులో జవాబు చెబుతారు. అతణ్ణి ఒంటరిగా పంపకండి, ఇంటి దాకా ఎవరినైనా తోడు ఇవ్వండి.

రాసుకోవడం, తిరిగి వినిపించడం

ఫోన్‌లో రికార్డు చేయడానికి అందరూ ఒప్పుకుంటేనే చేయండి. ఒక్కరు ముఖం చిట్లించినా ఆపేసి చేతితో రాసుకోండి. మాటలను వాళ్ళు పలికినట్టే రాయండి. "నడ్వది" అన్నదాన్ని "సాధ్యం కాదని అభిప్రాయపడ్డారు" అని మారిస్తే అందులోని ఇల్లు, అత్త, గిన్నెలు అన్నీ పోతాయి. గోదావరి జిల్లాల కుర్రాడి "అవ్వదండీ బాబూ"లో ఉన్న వేళాకోళం కూడా అలాగే పోతుంది. ఎవరు ఎప్పుడు నవ్వారు, ఎప్పుడు ఫోన్లు బయటికి తీశారు, ఏ ప్రశ్న దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు అన్నవి పక్క మార్జిన్‌లో గుర్తు పెట్టండి. పేర్లు ఎక్కడా రాయకండి, ఊరి పేరు కూడా నివేదికలో ఉండనక్కరలేదు.

పదిహేను రోజుల్లో అదే గుంపు దగ్గరికి తిరిగి వెళ్ళి, మీరు రాసినది చదివి వినిపించండి. చాలా సంస్థలు దీనికి డబ్బు ఇవ్వవు, బస్సు చార్జీ మీదైనా సరే వెళ్ళండి. ఒక ఊళ్ళో నేను చదువుతుంటే, "మానసిక సమస్యల గురించి మాట్లాడటానికి యువకులు సిగ్గుపడ్డారు" అన్న వాక్యం దగ్గర ఒకడు చెయ్యి ఎత్తాడు. "సిగ్గు కాదన్నా. వీడు మా మేనమామ కొడుకు, వాడు మా పాలోడు. ఈడ అన్న మాట పొద్దుగూకేసరికి మా నాయనకు తెలుస్తది. గందుకే అనలే" అన్నాడు. మేనమామ కొడుకు నవ్వాడు, నిజమేనని తలూపాడు. ఆ వాక్యం కొట్టేసి, బంధువులు లేని గుంపుల్లో ఈ విషయం మళ్ళీ అడగాలని దాని కింద రాసుకుని, వచ్చే ఆదివారం పక్క ఊరి కుర్రవాళ్ళతో కలిపి కూర్చోవడానికి వాళ్ళ చేతే రోజు ఖాయం చేయించాను.